పిడికెడు బియ్యము: బిషప్ అజరయ్యగారి జీవితము

డోర్నకల్ బిషప్ అజరయ్యగారి పేరు తెలియనివారు మన సంఘములలో అరుదు. పాత ఇండ్లలో గోడమీద ఆయన పటము ఉంటుంది. తాతల నాడు పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకున్న కుటుంబములు ఎన్నో ఉన్నవి. అయితే గొప్పవారి పటము గోడకు తగిలించిన తరువాత వారి జీవితమును మనము అంతగా తిరగవేయము. ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్, పెద్ద దేవాలయము కట్టించిన మహానుభావుడు అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాము. ఈ సంచికకు వ్యాసము వ్రాయమన్నప్పుడు మేము ఆ రెండు ముక్కలను కాసేపు పక్కన ఉంచి, ఆయన జీవితములో ఏమి చేజారినది, దానిని ఆయన ఎక్కడ తిరిగి కనుగొన్నారు అని వెదకినాము. వెదకగా మాకు దొరికినది పొయ్యి పక్కన పెట్టిన ఒక చిన్న బియ్యపు కుండ. దాని దగ్గరకు చేరటానికి మాత్రము కొంచెము దూరము నడవాలి.

వేదనాయగము శామ్యూల్ అజరయ్య 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలో వెల్లాళన్‌విళై అను పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగముగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. చాలాకాలము మగబిడ్డ కొరకు ప్రార్థించి కన్న కుమారుడు గనుక, హన్నాను తలచుకొని తల్లి శామ్యూల్ అని పేరు పెట్టుకున్నది. 1889లో తండ్రి పోయారు. కుమారునికి అప్పటికి పదిహేనేండ్లు. తరువాత తల్లి పెంపకములో, మిషను బడులలో చదివి, చివరకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళారు. అక్కడ గణితము ఆయన ముఖ్య విషయము. చదువులో చురుకైనవాడని పేరు. బి.ఏ. పట్టా చేతికి వస్తుందని ఇంటివారు, తోటివారు ఎదురు చూస్తున్నారు.

సరిగ్గా పరీక్షల ముందు జబ్బు పడ్డారు. పట్టా రాలేదు. మరల కూర్చొని వ్రాయనూ లేదు.

ఈ సంగతిని ఆయన జీవితము వ్రాసినవారు ఒక వాక్యములో దాటిపోతుంటారు. మేము దాటలేకపోయాము. ఆ రోజులలో బి.ఏ. అంటే ఎంతటి మాటో మన పెద్దలకు తెలుసు. తండ్రిలేని బిడ్డ, కష్టపడి చదివించిన తల్లి, చివరి మెట్టు మీద కాలు జారినది. ఇటువంటి ఇల్లు మన సంఘములలో ప్రతి వీధికీ ఒకటి ఉంటుంది. పరీక్ష తప్పిన కుమారుని గురించి ఆదివారమునాడు ఎవరైనా అడుగుతారేమోనని ఆరాధన ముగియకముందే తలవంచుకొని బయటికి నడిచే తల్లిదండ్రులను మనము చూడలేదా? అజరయ్యగారు ఆ దినములలో ఏమనుకున్నారో ఊహించి చెప్పే సాహసము మేము చేయము. ఆయన చేసిన పని మాత్రము తెలుసు. 1895లో వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరుగుతూ యౌవనుల మధ్య పని చేయటము మొదలుపెట్టారు. అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీగారు అక్కడే స్నేహితులయ్యారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహము చేసుకున్నారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన మొదటివారిలో ఆమె ఒకరు. వరకట్నము లేకుండ, ఆర్భాటము లేకుండ జరిగిన పెండ్లి అది. ఈ మాట పెండ్లి కార్డులు పంచుకుంటున్న మన ఇండ్లవారు కొంచెము ఆగి చదువవలెనని మా మనవి.

వై.ఎం.సి.ఏ.లో ఆయనకు మంచి పేరు వచ్చినది. వక్త, కార్యదక్షుడు, తెల్లవారితో సమానముగా మాట్లాడగల భారతీయుడు. పోయిన పట్టాకు బదులు దేవుడు ఇంతకన్న ఎక్కువే ఇచ్చాడని ఎవరైనా అనుకోవచ్చు. కథ ఇక్కడే ఆగిపోతే ఇది సాధారణమైన సాక్ష్యమే అయి ఉండేది.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుష్యులతో, ఒక మిషనరీ సంఘము పెట్టుకొని, సముద్రము దాటి మన దేశపు తమిళుల మధ్యకు సువార్తికులను పంపుతున్నారు. ఇది చూచి అజరయ్యగారికి నిద్ర పట్టలేదు. ఎందుకంటే తిరునెల్వేలి సంఘము జాఫ్నా సంఘము కంటె ఎంతో పెద్దది. అక్కడ తరతరాలుగా క్రైస్తవులున్నారు. గుడులున్నవి, బడులున్నవి, గురువులున్నారు. కాని పొరుగు రాష్ట్రమునకు ఒక్క మనిషిని కూడ తామై పంపలేదు. తెల్ల దొరలు తెచ్చిన సువార్తను తెల్ల దొరల ఖర్చుతో వింటూ, దొరలే మరొక చోటికి కూడ తీసుకుపోతారులెమ్మని కూర్చున్నారు. తాను ఊరూరా తిరిగి ఉపన్యసించుచున్న సంఘము ఒక సంగతిని మరచిపోయినదని, తానును వారితోపాటు మరచినానని, ఆయనకు అక్కడ తెలిసినది. ఆ రాత్రి కన్నీటితో ప్రార్థించారని చెప్పుదురు.

పట్టా పోవటము ఒక మనిషి నష్టము. ఇది ఒక సంఘమే తాను ఎందుకున్నానో మరచిన నష్టము. మొదటిదానికి జబ్బు కారణము. రెండవదానికి కారణము చెప్పటము కష్టము. అంతా సవ్యముగా జరుగుతుండగానే అది జరిగిపోతుంది. గంట మోగుతుంది, వాక్యము చదువబడుతుంది, కమిటీ ఎన్నికలు జరుగుతవి, లెక్కలు ఆడిట్ అవుతవి. లోపల ఏమి కరిగిపోయినదో ఎవరికీ పట్టదు. మేము ఈ మాట ఇతరులను ఉద్దేశించి వ్రాయటము లేదు.

మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినది. మన మనుష్యులు, మన డబ్బు, మన నిర్వహణ అన్నది దాని నియమము. పని చేయటానికి వారు ఎంచుకున్న చోటు తమ భాష మాట్లాడని నేల. నిజాము రాజ్యములో, వరంగల్లు ప్రాంతపు అడవి అంచున, సింగరేణి బొగ్గు గనులకు దారి చీలే రైలు జంక్షను డోర్నకల్. తమిళ సంఘపు విధవరాండ్ర కాసులు, రైతుల కానుకలు మన తెలుగు నేలకు ఆ విధముగా వచ్చినవి. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపూరులో, కేరీగారి గ్రంథాలయములో, నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడును అజరయ్యగారే ముందు నిలిచారు. ఇప్పుడు ఆయన పేరు దేశమంతా తెలిసినది.

అయినను ఒక ముల్లు మిగిలినది. ఇతరుల బిడ్డలను డోర్నకల్ అడవులకు పంపి, తాను మద్రాసులో ఉండి వారికి ఉత్తరములు వ్రాయుచున్నారు. 1909లో ఆ ముల్లు తీసివేసుకున్నారు. వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ వచ్చారు. వయస్సు ముప్పైఅయిదు. అంతవరకు ఇంగ్లీషులోను తమిళములోను సభలను ఊపిన మనిషి అ ఆలు దిద్దుకొని తెలుగు నేర్చుకున్నారు. పెద్దతనములో భాష నేర్చుకొనటము ఎంతటి అణకువో ఉద్యోగరీత్యా ఒరిస్సాకో బొంబాయికో బదిలీ అయిన మనవారిని అడిగితే చెప్పుతారు. కూరగాయల అంగడిలో పిల్లలు కూడ నవ్వుతారు.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు ఆయనను మాట్లాడమని పిలిచారు. విదేశ మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య ఉన్న దూరమును గూర్చి దాపరికము లేకుండ చెప్పారు. మీ త్యాగములకు కృతజ్ఞులమే, కాని మాకు స్నేహము కూడ కావాలన్నది ఆ ప్రసంగపు సారము. కొందరికి కోపము వచ్చినది, కొందరు లోలోపల ఒప్పుకున్నారు. రెండేండ్ల తరువాత మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారి ప్రయత్నముతో 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెంట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. భారతీయుని చేతిక్రింద ఎట్లుండగలమని మిషనరీలలో అనేకులు అభ్యంతరము చెప్పారు. బాధ కలిగించే సంగతి ఏమనగా, మనవారిలోనూ కొందరు వద్దన్నారు. అప్పటినుండి 1945లో మరణించువరకు, ఆంగ్లికన్ సభలో ఒక అధ్యక్ష మండలమును ఏలిన భారతీయుడు ఆయన ఒక్కరే. ముప్పైరెండేండ్లు. తన వెనుక ద్వారము తెరచుకొనక, ఒంటరిగా నిలిచిన ఆ సంవత్సరముల బరువు మనము తేలికగా తీసుకొనరాదు.

ఇక పిడికెడు బియ్యము సంగతికి వస్తాము.

ఆయనకు అప్పగింపబడిన ప్రజలు ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి వెలుపల పల్లెలలో ఉండి, దొరల పొలములలో వెట్టి చేసి, అప్పు తీరక తండ్రి అప్పును కుమారుడు మోసేవారు. మొదట అధ్యక్ష మండలము చిన్నది. అభిషిక్త గురువులు ఆరుగురే. తరువాత కృష్ణా మండలములోని సి.ఎం.ఎస్. సంఘములు కూడ కలిసినవి. ఆయన చివరి దినములనాటికి గురువులు 150కి పైగా, విశ్వాసులు రెండు లక్షలకు పైగా ఉన్నారు. ఈ అంకెలు బాగుగనే ఉన్నవి. కాని మమ్మును ఆశ్చర్యపరచినది వేరు. తరతరములుగా ఈ ప్రజలను ఎవరూ ఏమీ అడగలేదు. కూలి అడిగారు, వెట్టి అడిగారు. అది అడగటము కాదు, లాగుకొనటము. ఇచ్చువారిగా వారిని ఎవరూ ఎంచలేదు. మిషను కూడ మందు, బడి, బట్ట ఇచ్చినదేగాని, నీవు ఏమి ఇస్తావని చాలాచోట్ల అడగలేదు. పేదలు, ఎట్లా అడుగుతామని జాలి. ఆ జాలిలో కూడ ఒక అవమానము దాగి ఉన్నదని అజరయ్యగారు గ్రహించారు. జాఫ్నాలో తగిలిన దెబ్బ ఆయనకు నేర్పిన పాఠము ఇదేనని మేము అనుకుంటున్నాము. ఇవ్వటము మరచిన సంఘము తానెవరో మరచును. కలిగిన తిరునెల్వేలి అట్లు మరచినదైతే, లేమిలో ఉన్న తెలుగు పల్లెకు మొదటి దినమే ఇవ్వటము నేర్పాలి.

అందుచేత అడిగారు. వంటకు బియ్యము కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయవలెను. ఆదివారము దానిని గుడికి తేవలెను. కోత కాలములో ప్రథమ ఫలములు. కోడి పెట్టిన గుడ్డు, పాదున కాచిన గుమ్మడికాయ, గంపలో కోడిపెట్ట, ఏది ఉన్నదో అది. కోత పండుగలను ఆయన ఎంతో ఉత్సాహముగా జరిపించేవారు. మన పల్లెల పాటలు, తాళములు, ఊరేగింపులు దేవుని గుడిలోనికి రావటానికి అడ్డు చెప్పలేదు. క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము చాలా దేశములలో చదివారు. ఆ పుస్తకము చదువనివారైన మన అమ్మమ్మలు దానిని పొయ్యి దగ్గర ఆచరించారు. చిన్నతనములో మేము చూచిన ఆ కుండ మూతలేని నల్లని కుండ. ఇంట్లో బియ్యము నిండుకున్ననాడు కూడ దానిలో చేయి పెట్టనిచ్చేవారు కారు. అప్పు తెచ్చి వండేవారు గాని అది దేవునిదని ముట్టేవారు కారు. మాకు అప్పుడది మొండితనముగా తోచినది. తన ఇంట అన్నమునకు తానే చాలని స్త్రీ, దేవునికి మాత్రము తాను ఇవ్వగలదని ప్రతి పూట రుజువు చేసుకుంటున్నదని ఇప్పుడు తెలుస్తున్నది. నేడు కవరులు వచ్చినవి, రసీదులు వచ్చినవి. మంచిదే. కవరు నెలకొకసారి జ్ఞాపకము వస్తుంది. కుండ దినమునకు రెండుమార్లు కనబడేది.

రెండవది, సాక్ష్యము అడిగారు. బాప్తిస్మము పొందినవారి చేత తమ చేతిని తమ తలమీద ఉంచుకొనచేసి, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో సువార్త భారమును గూర్చిన మాటను తమ మాటగా పలికించేవారు. చదువురాని కూలివాడు, నిన్నటివరకు దొర ఎదుట నోరెత్తనివాడు, తన తల తానే తాకి, తన నోటితో, తనకొక పని ఉన్నదని పలికాడు. ఇంతకంటె పెద్ద ఉద్యోగపు ఉత్తరువు ఆ పల్లెకు ఎన్నడూ రాలేదు.

మూడవదిగా, నాలుగు దయ్యములతో పోరాడమన్నారు: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఆత్మీయ విషయములు వేరు, చీపురు వేరు అని ఆయన ఎంచలేదు. మరియమ్మాళ్‌గారు ఈ పనిలో భర్తకు కుడి చేయి. గురువుల భార్యలకు, ఉపదేశకుల భార్యలకు చదువు, శుభ్రత, బిడ్డల పోషణ నేర్పి పంపేవారు. పల్లెలో ఒక ఉపదేశకుని కుటుంబము కాపురమున్నదంటే, ఊడ్చిన వాకిలి ఎట్లుంటుందో, త్రాగని భర్త ఎట్లుంటాడో పదిమందికి కంటికి కనబడేది. బిషప్‌గారు తామే ఎడ్లబండిమీద పల్లెలు తిరిగి, గుడారము వేసికొని, చెట్టు క్రింద కూర్చొని వారి జవాబులు వినేవారు.

దీనికి ఒక వింత ఫలితము కలిగినది. 1920ల చివరనుండి 1930లలో, ఊరిలోపలి కులములవారు కూడ వేల సంఖ్యలో సంఘములో చేరసాగారు. పండితుల వాదములకు కదలనివారు, తమ పాలేరు త్రాగుడు మానటము, అతని బిడ్డ చదువుకొనటము చూచి కదిలారు. ఊరికి నిరీక్షణ పల్లెవైపు నుండి వచ్చినది.

ఆయన చేయి వేసినదెల్ల సఫలమైనదని చెప్పితే అది అబద్ధమగును. మాల, మాదిగ భేదము గుడి గుమ్మము దాటి లోపలికి వచ్చినది. ఆయన దానితో జీవితమంతా పెనగులాడారు. చివరి సంవత్సరములలో సంఘములో కలిగిన తగవులు ఆయనను గాయపరచినవి. ఆ భేదము మనకు వారసత్వముగా వచ్చినది, దానిని గూర్చి మనము శతజయంతి సభలలో మాట్లాడము. మత మార్పిడి విషయములో గాంధీగారితో ఆయనకు కలిగిన అభిప్రాయభేదము కూడ తీరకనే పోయినది. ఇద్దరును హరిజనుల మేలు కోరినవారే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు వద్దని అజరయ్యగారు పట్టుబట్టిన సంగతిని మాత్రము ఆయనను దేశద్రోహిగా చూచినవారు గుర్తుంచుకొనలేదు.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమునిచ్చినది. మద్రాసులో బి.ఏ. పరీక్షకు కూర్చొనలేకపోయిన విద్యార్థికి ఇది! ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కాని అప్పటికి పదేండ్లకు పైగా ఆయన డోర్నకల్ మన్నులో ఉన్నారు, ఆ పట్టా కొరకు ఎదురు చూచిన మనిషి ఎప్పుడో వెనుకబడిపోయాడు. డాక్టరు పట్టముతో తిరిగి వచ్చి మరల ఎడ్లబండి ఎక్కారు.

దేవాలయము సంగతి చెప్పకుండ ముగిస్తే చదువరులు మమ్మును క్షమించరు. ఎపిఫనీ కథీడ్రల్ కట్టటానికి సుమారు పాతికేండ్లు పట్టినది. మధ్యలో యుద్ధము, డబ్బు లేక ఆగిన గోడలు. హిందూ ఆలయముల వంటి స్తంభములు, మసీదుల వంటి గుమ్మటములు, వాటి నడుమ సిలువ. ఈ దేశములోని అందమైనదంతయు ప్రభువు పాదములకు తేవలెనని ఆయన కోరిక. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. అన్ని సంవత్సరములు సగము కట్టిన గోడలను ప్రతి ఉదయము చూస్తూ పనికి పోయిన మనిషి ఓపిక మాకు ఆ గుమ్మటముల కంటె ఎత్తుగా కనబడుతుంది.

మరియొక కట్టడము ఆయన కండ్లజూడ పూర్తికాలేదు. 1919లో తరంగంబాడిలో జరిగిన కూటములో, వేర్వేరు సభల గురువులు కలిసి సంఘైక్యత కొరకు పిలుపునిచ్చినప్పుడు దానికి ముఖ్యులలో ఆయన ఒకరు. ఒకే పల్లెలో ఒకే ప్రభువు పేర రెండు బల్లలు ఉండటము పేద క్రైస్తవునికి ఎట్లు వివరించగలమని ఆయన బాధ. పాతికేండ్లకు పైగా కమిటీలు కూర్చున్నవి, ముసాయిదాలు మారినవి, ఇంగ్లండునుండి సందేహములు వచ్చినవి. ప్రతిసారి నిరాశతో ఇల్లు చేరి, మరుసటి కూటమునకు మరల టిక్కెట్టు కొన్నారు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆయన ఏండ్ల తరబడి ఓపికపట్టి కట్టించిన దేవాలయపు ఆవరణములోనే సమాధి చేశారు. 

దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెంట్ జార్జి కథీడ్రల్‌లో ప్రారంభమైనది. అది శనివారము. ఆ మరునాటి ఆదివారము డోర్నకల్ చుట్టుపట్ల పల్లెలలో గుడి గంట మోగి ఉంటుంది. స్త్రీలు యథాప్రకారము వారమంతా దాచిన పిడికెళ్ళ బియ్యమును కొంగున మూటగట్టుకొని వచ్చి, బల్లముందు గంపలో పోసి, తమ చోట్లకు వెళ్ళి కూర్చొని ఉంటారు.